పిల్లల గురక: పగటి వైద్యుడికి కనిపించని రాత్రి జబ్బు

మన ఇళ్ళలో పెద్దల గురక ఒక ఫిర్యాదు, పిల్లల గురక ఒక ముచ్చట. నాలుగేళ్ళ పిల్లవాడు నోరు తెరుచుకుని గుర్రుపెట్టి పడుకుంటే, పగలంతా ఆడి అలసిపోయాడని తల్లి అనుకుంటుంది. అచ్చం తాత పోలికేనని నాయనమ్మ మురిసిపోతుంది. చిన్న కుంభకర్ణుడని పేరు పెట్టి అందరూ నవ్వుకుంటారు. గురక గాఢనిద్రకు గుర్తు అనే భావన మన మనసుల్లో అంతగా నాటుకుపోయింది. వాస్తవం దీనికి విరుద్ధం. జలుబు చేసినప్పుడు రెండు మూడు రాత్రులు వినిపించే గురక సంగతి వేరు. జలుబు లేకపోయినా వారంలో ఎక్కువ రాత్రులు గురకపెట్టే పిల్లవాడు హాయిగా నిద్రపోవడం లేదు. గాలి కోసం పెనుగులాడుతున్నాడు.

ఈ జబ్బుకు ఒక చిత్రమైన లక్షణం ఉంది. ఇది రాత్రిపూట జరుగుతుంది, వైద్యుడు బిడ్డను పగటిపూట చూస్తాడు. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి ఉంచుతాయి కాబట్టి ఆ పిల్లవాడు వైద్యుని ఎదుట మామూలుగానే కనిపిస్తాడు. అందువల్ల పిల్లల గురక చరిత్ర అంటే, ఒక విధంగా, నిద్రపోతున్న బిడ్డ పక్కన కూర్చుని చూసినవారి చరిత్ర. చూడకుండానే తీర్పు చెప్పినవారి చరిత్ర కూడా. వైద్యం ఈ విషయంలో ఒకసారి గుడ్డిగా, ఒకసారి అతిగా, మరొకసారి మతిమరుపుగా ప్రవర్తించింది. ఆ కథలో మన హైదరాబాదుకు కూడా ఒక అధ్యాయం ఉంది.

ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్న పాఠకురాలు నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు మండలంలోని ఒక తల్లి. నిద్ర పరీక్షల కేంద్రం ఆమె ఇంటి దగ్గర లేదు. పిల్లల చెవి, ముక్కు, గొంతు నిపుణుడిని చూడాలంటే ఒక రోజు కూలి వదులుకుని ప్రయాణం కట్టాలి. అయినా ఈ జబ్బును గుర్తించడానికి కావలసిన ముఖ్యమైన సాధనం ఆమె దగ్గరే ఉందని ఈ చరిత్ర చెబుతుంది.

ముక్కు వెనుక ఉన్న కాపలాదారు

ముందు శరీరం సంగతి కొంచెం తెలుసుకోవాలి. నోరు తెరిస్తే గొంతుకు రెండు పక్కలా కనిపించే కండ ముద్దలు టాన్సిల్స్. అటువంటిదే మరో ముద్ద ముక్కు వెనుక, మెత్తటి అంగిలికి పైన ఉంటుంది. దానిని అడినాయిడ్ అంటారు. అది నోరు తెరిచినా కనిపించదు, ముక్కులోకి లైటు వేసినా సులభంగా కనిపించదు. గాలి, ఆహారం లోపలికి వెళ్ళే ద్వారం చుట్టూ ఇవన్నీ ఒక వలయంలా అమరి ఉంటాయి. ఈ అమరికను 1884లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వాల్డెయర్ వర్ణించాడు కాబట్టి దానిని నేటికీ వాల్డెయర్ వలయమంటాము. లోపలికి వచ్చే సూక్ష్మజీవులను పరిచయం చేసుకుని, శరీరానికి రక్షణ నేర్పడం దీని పని.

సుమారు రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు ఈ ముద్దలు గొంతు పరిమాణంతో పోలిస్తే పెద్దవిగా ఉంటాయి. తర్వాత క్రమంగా కుంచించుకుపోతాయి. చాలామంది పిల్లలకు వీటితో ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో అవి దారిని మూసేటంతగా పెరుగుతాయి. ముక్కు అలర్జీ, తరచుగా వచ్చే జలుబు, ఇంట్లో పొగ దీనికి తోడవుతాయి. నిద్రలో గొంతు కండరాలు సడలినప్పుడు, ఇరుకైన ఆ దారిలో గాలి బలవంతంగా దూరుతుంటే మెత్తటి అంగిలి, కొండనాలుక అదురుతాయి. ఆ అదురే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే శబ్దం ఆగిపోతుంది. గురక కంటే భయపడవలసింది ఆ నిశ్శబ్దానికే.

ప్రాచీనులకు తెలిసినంత

గొంతులోని ముద్దలను మన పూర్వులు చూడకపోలేదు. సుశ్రుత సంహితలో నిదానస్థానం చివరి అధ్యాయం ముఖరోగాలకు కేటాయించబడింది. అందులో అరవై అయిదు వ్యాధులను లెక్కించారు. వాటిలోని తుండికేరిని నేటి ఆయుర్వేద వైద్యులు టాన్సిల్స్ వాపుతో పోలుస్తారు. రేగుగింజ అంత పరిమాణంలో, గరుకుగా, కదలకుండా, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండే గ్రంథికి కంఠశాలూకమని పేరుపెట్టి, అది శస్త్రచికిత్సతో నయమయ్యే వ్యాధి అని చెప్పారు. కొందరు దానిని అడినాయిడ్‌గా భావిస్తారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోము నగరంలో సెల్సస్ అనే రచయిత గట్టిపడిన టాన్సిల్స్‌ను వేలితో విడదీసి తొలగించే పద్ధతిని వర్ణించాడు.

అయితే వీరందరూ పగటిపూట నోరు తెరిచి చూసినవారు. గొంతులోని ముద్దకూ, రాత్రి వినిపించే గురకకూ, పగటి మందకొడితనానికీ ఉన్న బంధాన్ని గమనించడానికి మరెన్నో శతాబ్దాలు పట్టింది.

చిత్రకారుడు చూసిన తల్లులు

ఆ బంధాన్ని గట్టిగా లోకం ముందుంచిన తొలివారిలో ఒకడు వైద్యుడు కాకపోవడం విశేషం. జార్జ్ కాట్లిన్ అమెరికన్ చిత్రకారుడు. 1830లలో ఉత్తర అమెరికా మూలవాసుల మధ్య తిరిగి వారి చిత్రాలు గీశాడు. తల్లులు పాలు పట్టిన తర్వాత, నిద్రపోతున్న పసిబిడ్డ పెదవులను వేళ్ళతో సుతారంగా దగ్గరకు చేర్చి, ముక్కుతో ఊపిరి తీసుకునేలా అలవాటు చేయడం అతడు చూశాడు. ఆ పరిశీలనతో 1860ల ఆరంభంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. నోరు మూసుకో, ప్రాణం కాపాడుకో అనే అర్థం వచ్చే పేరుతో అది తర్వాత ప్రసిద్ధి పొందింది.

కాట్లిన్ చూసినది నిజం, చెప్పినదంతా నిజం కాదు. నోటితో ఊపిరి తీసుకోవడమే సకల రోగాలకు మూలమని అతడు అతిశయించాడు. ముక్కు మూసుకుపోయిన బిడ్డకు నోరు తెరవడం చెడు అలవాటు కాదు, ప్రాణాధారం. ఈ తేడా అతనికి తట్టలేదు. నేడు సామాజిక మాధ్యమాల్లో నిద్రపోయే ముందు పెదవులకు టేపు అంటించుకోమనే సలహాలు చూస్తుంటే కాట్లిన్ తిరిగి వచ్చినట్టుంది. పిల్లలకు అటువంటి టేపు ఎన్నడూ వేయకూడదు. ముక్కు ఎందుకు మూసుకుపోయిందో తెలియకుండా నోరు కూడా మూయడం ప్రమాదకరం.

కోపెన్‌హేగెన్‌లో ఒక వేలు

ముక్కు ఎందుకు మూసుకుపోతుందన్న ప్రశ్నకు జవాబు 1868లో దొరికింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో విల్‌హెల్మ్ మేయర్ అనే వైద్యుని వద్దకు వినికిడి మందగించి, ముక్కు మూసుకుపోయి, మాట బొంగురుపోయిన ఒక యువతి వచ్చింది. ఆయన తన వేలిని ఆమె నోటిలో నుంచి మెత్తటి అంగిలి వెనుకకు పోనిచ్చి తడిమి చూశాడు. అక్కడ మెత్తని కండ నిండుగా తగిలింది. కంటికి కనిపించని చోట ఉన్న జబ్బు వేలికి దొరికింది. దానికి ఆయన అడినాయిడ్ పెరుగుదల అని పేరుపెట్టాడు. చిన్న ఉంగరం వంటి కత్తిని ముక్కులో నుంచి పంపి, వేలితో దానికి దారి చూపుతూ ఆ కండను తొలగించే పద్ధతిని రూపొందించాడు. 1870లో ఆయన వ్యాసం లండన్‌లో వెలువడిన తర్వాత ఈ విషయం ప్రపంచమంతటా తెలిసింది. 1895లో ఆయన మరణించాక, అనేక దేశాల చందాలతో కోపెన్‌హేగెన్‌లో ఆయనకు స్మారక విగ్రహం నిలిపారు.

మేయర్ గమనించిన వాటిలో ఒకటి తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది. ముక్కు వెనుక దారి మూసుకుపోయినవారి మాటలో అనునాసికాలు చచ్చిపోతాయి. మకారం పలకబోతే బకారం, నకారం పలకబోతే దకారం వస్తుంది. పిల్లవాడు ‘అమ్మ’ అనబోతే ‘అబ్బ’ అన్నట్టు, ‘మామ’ అనబోతే ‘బాబ’ అన్నట్టు వినిపిస్తుంది. మనకు గట్టిగా జలుబు చేసినప్పుడు కలిగే మార్పే ఇది. ఆ పిల్లవాడికి ఏడాది పొడుగునా అదే స్థితి. ముద్దు మాటలని పెద్దలు సరిపెట్టుకునే వాటిలో కొన్ని నిజానికి మూసుకుపోయిన ముక్కు పలికే మాటలు.

వినికిడి సంగతి కూడా మేయర్ నుంచే మనకు స్పష్టమైంది. ముక్కు వెనుక నుంచి మధ్యచెవికి ఒక సన్నని గొట్టం పోతుంది. అడినాయిడ్ వాచి ఆ గొట్టం నోటిని అడ్డుకుంటే, చెవిలో జిగురు నీరు చేరి వినికిడి తగ్గుతుంది. అటువంటి పిల్లలు పిలిస్తే పలకరు. పెద్దలు దానిని మొండితనమంటారు.

‘మొద్దు’ అనే ముద్ర

1880ల చివరినాటికి మరో అడుగు పడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో గీ అనే వైద్యుడు ముక్కు దిబ్బడకూ ఏకాగ్రత లేకపోవడానికీ సంబంధం ఉందని వాదించాడు. 1889లో లండన్ వైద్యుడు విలియం హిల్, పిల్లల వెనుకబాటుతనానికి, మందబుద్ధికి గల కొన్ని కారణాలపై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. బడిలో సోమరి, మొద్దు అని ముద్రపడిన పిల్లల్లో కొందరు నోటితో ఊపిరి తీసుకునేవారనీ, రాత్రి గురకపెట్టేవారనీ, తలనొప్పితో బాధపడేవారనీ, అటువంటివారిని దండించే ముందు బడి వైద్యుడు పరీక్షించాలనీ ఆయన సారాంశం.

1892లో విలియం ఆస్లర్ తన సుప్రసిద్ధ వైద్యగ్రంథంలో ఈ పిల్లల రాత్రిని వర్ణించాడు. పెద్ద శబ్దంతో శ్వాస, మధ్యలో దీర్ఘమైన విరామాలు, వాటి వెంట ఒక్కసారిగా లోతైన ఊపిరి, ఉలిక్కిపడి లేవడం. నేటి నిద్ర ప్రయోగశాలలు తెరమీద గీతలుగా చూపేదాన్ని ఆయన కంటితో, చెవితో పట్టుకున్నాడు. యంత్రమేదీ లేకుండానే ఆ జబ్బు మొత్తం ఆయన పుటల్లోకి వచ్చింది.

మన బడుల్లోనూ ‘మొద్దు’ అనేది ఎంతో తేలికగా పడే ముద్ర. ఆ ముద్ర ఒకసారి పడితే పిల్లవాడు కూడా దానిని నమ్ముతాడు. అందుకే హిల్ మాట నూట ముప్పై ఏళ్ళు దాటినా పాతబడలేదు.

హైదరాబాదు అధ్యాయం: ఊపిరిని గమనించండి

జబ్బు తెలిసింది, చికిత్స తెలిసింది. కానీ బిడ్డను కత్తి కిందికి పంపాలంటే మత్తు ఇవ్వాలి. ఆనాటి ప్రధానమైన మత్తుమందు క్లోరోఫారం. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ దానిని ప్రవేశపెట్టిన కొద్ది నెలలకే, 1848 జనవరిలో, హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి ఆ మత్తులోనే మరణించింది. తర్వాతి దశాబ్దాల్లో అటువంటి మరణాలు సంభవిస్తూనే వచ్చాయి. టాన్సిల్స్, అడినాయిడ్ తీసే చిన్న ఆపరేషన్లలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు చనిపోవడం వైద్యులను కలవరపెట్టింది. మరణం గుండె ఆగడం వల్లనా, ఊపిరి ఆగడం వల్లనా అన్నది పెద్ద వివాదమైంది.

ఆ వివాదాన్ని తేల్చాలని పూనుకున్నది హైదరాబాదు. నేటి నాగర్‌కర్నూల్ ప్రాంతం కూడా అప్పుడు నిజాం ఏలుబడిలోనిదే. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ ధనంతో 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ జంతువులపై ప్రయోగాలు జరిపింది. ఊపిరి ఆగిన తర్వాతే గుండె ఆగుతుందని తేల్చింది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ దానిని సందేహించగా, నిజాం ఖర్చుతోనే ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. 1889లో రెండవ కమిషన్ కూర్చుని అదే మాట చెప్పింది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కృషిలో పాలుపంచుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా ఆమెను నేడు గుర్తిస్తున్నారు.

కమిషన్ తీర్పు పూర్తిగా సరైనది కాదు. తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. క్లోరోఫారం కాలక్రమంలో మూలపడింది. అయితే లారీ తన శిష్యులకు నూరిపోసిన సూత్రం, రోగి ఊపిరి మీదనుంచి చూపు తిప్పవద్దన్నది, ఒక నగర వైద్యానికి గర్వకారణంగా చెప్పుకోదగినదే. గురకపెట్టే బిడ్డ విషయంలో అంతకంటే మంచి సూత్రం లేదు.

నేటి మత్తువైద్యం ఆనాటితో పోల్చదగినది కాదు. రక్తంలో ప్రాణవాయువును, గుండె లయను, వదిలే గాలిని క్షణక్షణం చూపే పరికరాలున్నాయి. అయినా ఆపరేషన్ తర్వాతి రాత్రి కూడా ఇటువంటి పిల్లల ఊపిరిని గమనించాలి. కోడైన్ అనే నొప్పిమందు వల్ల కొందరు పిల్లల్లో శ్వాస మందగించి మరణాలు సంభవించాయని, టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత దానిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. జబ్బు తీవ్రంగా ఉన్నవారిని, మూడేళ్ళ లోపు పిల్లలను ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచడం ఇందుకే.

గుడ్డితనం నుంచి అతికి

ఇరవయ్యవ శతాబ్దం మొదలయ్యేసరికి పశ్చిమ దేశాల వైద్యం మరో కొసకు ఊగింది. గొంతులోని ముద్దలే అన్ని జబ్బులకూ పుట్టిల్లు అన్న నమ్మకం ప్రబలింది. బడిపిల్లలను వరుసగా నిలబెట్టి ఆపరేషన్లు చేశారు. 1906 జూన్‌లో న్యూయార్క్ నగరంలో వలస వచ్చిన యూదులు నివసించే పేటలో, కొందరు పిల్లలకు బడిలోనే అడినాయిడ్ తీశారు. పిల్లలు నెత్తురు ఉమ్ముతూ ఇంటికి వచ్చారు. బడిలో పిల్లల గొంతులు కోస్తున్నారన్న వదంతి పుట్టింది. ఐరోపాలో తమవారి ఊచకోతలు ఇంకా మరువని తల్లులు వేల సంఖ్యలో బడులను ముట్టడించారు. ఆ తల్లులు అజ్ఞానులని ఆనాటి పత్రికలు ఎగతాళి చేశాయి. తన బిడ్డకు ఏం చేయబోతున్నారో తల్లికి అర్థమయ్యేలా చెప్పని వైద్యానిదే అసలు లోపం.

1934లో అదే నగరంలో జరిగిన ఒక పరిశీలన వైద్యవృత్తికే అద్దం పట్టింది. పదకొండేళ్ళ పిల్లలను 1000 మందిని తీసుకున్నారు. అప్పటికే 611 మందికి టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని బడి వైద్యులకు చూపగా 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. అవసరం లేదన్న 215 మందిని వేరే వైద్యులకు చూపగా వారిలో 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని మూడోసారి చూపగా 51 మందికి కావాలన్నారు. చివరకు 1000 మందిలో ఆపరేషన్ సలహా తప్పించుకున్నవారు 65 మంది. వైద్యులు పిల్లల గొంతు చూసి కాక, సుమారు సగం మందికి కావాలన్న అలవాటుతో చెబుతున్నారని తేలిపోయింది. 1938లో ఇంగ్లండులో అలిసన్ గ్లోవర్ కూడా ఇదే గ్రహించాడు. పక్కపక్క జిల్లాల మధ్య ఈ ఆపరేషన్ల సంఖ్యలో కారణం లేని తేడాలు ఉన్నాయనీ, ఒక ఊళ్ళో బడి వైద్యాధికారి మారగానే సంఖ్య అమాంతం పడిపోయిందనీ చూపాడు.

ఇక్కడ కూడా లోపం ఒక్కటే. పగటిపూట గొంతు పరిమాణం చూశారు, రాత్రి ఆ బిడ్డ ఎలా ఊపిరి తీసుకుంటున్నదీ అడగలేదు. టాన్సిల్స్ పెద్దవిగా ఉండడం వేరు, దారికి అడ్డం పడడం వేరు.

మరపు, మళ్ళీ ఎరుక

యాంటీబయాటిక్స్ వచ్చాయి. అతి ఆపరేషన్ల మీద విమర్శలు పెరిగాయి. 1969లో ఒక అమెరికన్ వైద్యుడు దీనిని వైద్యం కాదు, తంతు అని రాశాడు. ఆపరేషన్లు తగ్గాయి, మంచిదే. కానీ అతిని వదిలించుకునే తొందరలో ఆస్లర్ వర్ణించిన ఆ రాత్రిని కూడా వైద్యం మరిచిపోయింది. పిల్లల గురకకు చికిత్స అక్కరలేదన్న మాట వైద్యుల నోటనే వినిపించసాగింది.

మేల్కొలిపింది గుండె జబ్బు. 1965లో అమెరికాలో పిల్లల గుండె వైద్యురాలు జాక్వెలిన్ నూనన్ ఇద్దరు పిల్లల వృత్తాంతం ప్రచురించింది. వారి గుండె కుడిభాగం ఉబ్బిపోయింది. కారణం గుండెలో లేదు, గొంతులో ఉంది. పెరిగిన టాన్సిల్స్, అడినాయిడ్ తీసేసిన తర్వాత గుండె కోలుకుంది. అదే సంవత్సరం ఐరోపాలో పరిశోధకులు నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే స్థితిని యంత్రాలతో నమోదుచేశారు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గిల్మినో బృందం ఎనిమిది మంది పిల్లలను రాత్రంతా పరీక్షించి ఈ జబ్బు పిల్లల్లోనూ ఉందని చాటింది. పెద్ద గురక, చదువులో వెనుకబాటు, ప్రవర్తనలో మార్పు, పక్క తడపడం, ఉదయం తలనొప్పి వారిలో కనిపించాయి. ఆస్లర్ రాసిన ఎనభై నాలుగేళ్ళకు అదే కథను మళ్ళీ మొదటినుంచి చెప్పవలసివచ్చింది.

1998లో డేవిడ్ గోజల్ అమెరికాలో ఒకటవ తరగతిలో చదువులో అట్టడుగున ఉన్న 297 మంది పిల్లలను పరీక్షించాడు. వారిలో 54 మందికి నిద్రలో శ్వాస లోపం కనిపించింది. చికిత్స చేయించుకున్న పిల్లల మార్కులు మరుసటి ఏడాది పెరిగాయి, చేయించుకోనివారివి పెరగలేదు. హిల్ ఊహించినదానికి ఒక శతాబ్దం తర్వాత అంకెలు దొరికాయి.

అయితే ఆపరేషనే అందరికీ మందు అని మళ్ళీ పాత పొరపాటులో పడకూడదు. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 464 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్ చేసి, రెండో గుంపును ఏడు నెలలు గమనిస్తూ వచ్చారు. ఆపరేషన్ అయినవారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఊరక గమనించినవారిలో కూడా 46 శాతం మందికి వచ్చింది. ఆపరేషన్ వల్ల ప్రవర్తన, నిద్ర, రోజువారీ జీవితం మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జబ్బు తీవ్రంగా లేని బిడ్డ విషయంలో, వైద్యుని పర్యవేక్షణలో కొంతకాలం వేచి చూడడం తప్పు కాదని దీని సారం.

కోడేరు తల్లి చేయగలిగింది

జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. వారు వెతికే ముప్పై స్థితుల పట్టికలో చెవిలో చీము, వినికిడి లోపం, చదువులో ఇబ్బంది ఉన్నాయి. గురక ప్రత్యేకంగా లేదు. పిల్లలను చూసే ప్రతి సందర్భంలోనూ గురక గురించి అడగాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో సూచించింది. మన దగ్గర వైద్యుడు అడగకపోతే తల్లే చెప్పాలి.

చెప్పడానికి ముందు చూడాలి. బిడ్డ నిద్రపోయిన గంట రెండు గంటల తర్వాత, పక్కన కూర్చుని కొద్దిసేపు గమనించండి. జలుబు లేని రోజుల్లో వారానికి మూడు రాత్రులకు పైగా గురక వినిపిస్తోందా? గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం వచ్చి, ఛాతీ కదులుతున్నా గాలి లోపలికి పోక, తర్వాత ఉక్కిరిబిక్కిరిగా ఊపిరి వస్తోందా? ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య, మెడ కింద గుంటలు పడుతున్నాయా? మెడ వెనక్కి వంచి, బోర్లా, లేదా కూర్చుని పడుకుంటున్నాడా? చెమటతో పక్క తడుస్తోందా? మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందా? ఉదయం తలనొప్పి, పొడిబారిన పెదవులు ఉన్నాయా? పెద్దవారైతే నిద్ర చాలక పగలు కునుకుతారు. పిల్లలు చాలావరకు అందుకు విరుద్ధంగా చిరాకుతో గంతులు వేస్తారు. ఇది గుర్తుంచుకోవాలి.

ఇవి కనిపిస్తే ఫోనులో ఒకటి రెండు నిమిషాల వీడియో తీయండి. బిడ్డ ముఖం, ఛాతీ, పొట్ట కనిపించాలి, శబ్దం వినిపించాలి. ఆ చిన్న వీడియో నిద్ర పరీక్షకు బదులు కాదు. కానీ పగటిపూట చూసే వైద్యుడికి రాత్రిని చూపే కిటికీ అది. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అక్కడినుంచి నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి, అవసరమైతే హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి వెళ్ళవచ్చు. వినికిడి పరీక్ష కూడా అడిగి చేయించండి. నిద్రలో పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఆగి బిడ్డను కుదిపితేగాని తిరిగి రాకపోయినా, మరునాటి వరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. బిడ్డ ఉన్న గదిలో బీడీ, సిగరెట్టు తాగకూడదు. కట్టెల పొయ్యి పొగ పడుకునే చోటికి రాకుండా చూడాలి. పనుల కోసం పట్నాలకు వలస వెళ్ళే పాలమూరు కుటుంబాల పిల్లలు కట్టడాల దగ్గర సిమెంటు దుమ్ములో నిద్రపోతుంటారు. వీలైనంతలో దుమ్ముకు దూరంగా పక్క వేయాలి. ముక్కు అలర్జీ ఉంటే ఉప్పునీటి చుక్కలు, వైద్యుడు రాసిన స్ప్రేలు చాలామందికి ఉపశమనమిస్తాయి. ముక్కులో ఆముదం, కొబ్బరినూనె పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. ఊబకాయం ఉన్న బిడ్డకు బరువు తగ్గడం కూడా చికిత్సలో భాగమే.

ఆపరేషన్ చేయాలని వైద్యుడు చెప్పినప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు. రాత్రి లక్షణాలను బట్టి చెబుతున్నారా, టాన్సిల్స్ పరిమాణాన్ని బట్టి చెబుతున్నారా? కొంతకాలం మందులతో వేచి చూస్తే నష్టముందా? ఆపరేషన్ తర్వాతి రాత్రి బిడ్డ ఊపిరిని ఎవరు గమనిస్తారు? 1906లో న్యూయార్క్ తల్లులకు అడిగే అవకాశం ఇవ్వని ప్రశ్నలివి. మంచి వైద్యుడు వీటికి నొచ్చుకోడు, ఓపికగా జవాబు చెబుతాడు.

పిల్లవాడు పలకకపోతే, చదవకపోతే, గంతులు వేస్తే తిట్టే ముందు ఒక రాత్రి అతని నిద్రను చూడండి. ఆ తర్వాతే అతనికి ఏ పేరైనా పెట్టండి.